నైట్రోజన్ మెట్లు

శనివారం మధ్యాహ్నం అందిన కట్టలో పదకొండో పేపరు దగ్గర గ్లోరీ ఎర్రపెన్ను ఆగిపోయింది.

అప్పటిదాకా చెయ్యి దానంతటది నడుస్తూనే ఉంది. పరీక్ష పేపర్లు దిద్దే నల్లగొండ స్పాట్ క్యాంపులో పని తీరు సాఫీగా ఉంటుంది. పొద్దున పూటకు ఒక కట్ట, మధ్యాహ్నం పూటకు ఒక కట్ట. కట్టకు పదిహేను ఇంటర్ కెమిస్ట్రీ పేపర్లు. పిల్లల పేర్లుండవు, ఊర్లుండవు, బార్‌కోడ్ గీతలు తప్ప మనిషి ఆనవాలేదీ ఉండదు. ఎడమచేతి పక్కన బోర్డు పంపిన జవాబుల కీ కాగితాలు, కుడిచేతి పక్కన జవాబు పేపరు. కీలో ఉన్నది పేపరులో ఉంటే మార్కు, లేకుంటే సున్నా. ఐదుగురు దిద్దేవాళ్ళకు తనిఖీ చేసే చీఫ్ ఒకరు. దిద్దేవాళ్ళవి ఎర్రపెన్నులు, చీఫ్‌ది పచ్చపెన్ను. పైన ఫ్యాను తిరిగితే పేపర్లు లేస్తాయని ప్రతి కట్ట మీదా ఒక కంకరరాయి.

ఆ పదకొండో పేపరు పిల్లదో పిలగానిదో తెలియదు. చేతిరాత పక్కకు వాలి ఉంది. సగం ప్రశ్నలు ముట్టుకోనే లేదు. ముట్టుకున్నవాటిలో కూడా రెండు వరుసలు రాసి వదిలేసినవే ఎక్కువ. కానీ ఎనిమిది మార్కుల పెద్ద ప్రశ్నకు మాత్రం పేజీన్నర నిండా రాశారు. నైట్రోజన్, ఆక్సిజన్ అణువులు ఎట్లా ఏర్పడతాయో అణు ఆర్బిటాల్ సిద్ధాంతంతో చెప్పమన్న ప్రశ్న అది.

కట్టంగూర్ సర్కారు కాలేజీలో తన క్లాసుకు ఈ పాఠాన్ని గ్లోరీ ఇండ్ల లెక్కన చెబుతుంది. పరమాణువు చుట్టూ ఎలక్ట్రాన్లు మసిలే జాగాలు ఆర్బిటాళ్ళు, వాటికి 2s, 2p అని పేర్లు. రెండు పరమాణువులు దగ్గరికొస్తే ఎవరి జాగా వాళ్ళకు మిగలదు. గోడలు కలిసిపోయి ఇద్దరికీ చెందిన కొత్త గదులు లేస్తాయి. కొసకు కొస ఎదురెదురుగా కలిస్తే సిగ్మా గది, 2s లది ఒకటి, 2p లది ఒకటి. పక్కపక్కన ఒరుసుకుని కలిస్తే π గదులు, అవి రెండు. ఎలక్ట్రాన్లు కింది మెట్టు నుంచి నింపుకుంటూ పైకి పోతాయి. చిక్కంతా ఏ గది కింద, ఏ గది పైన అన్న దగ్గరే. ఆక్సిజన్‌లో సిగ్మా కింది మెట్టు మీద ఉంటుంది, π రెండూ దాని పైన. నైట్రోజన్‌లో అది తిరగబడుతుంది, π రెండూ కిందికి, సిగ్మా మీదికి.

కీలో రెండింటికీ ఒకటే మెట్లు గీసి ఉన్నాయి. సిగ్మా కింద, π పైన. పేపరులో నైట్రోజన్ మెట్లు తిరగబడి ఉన్నాయి. గ్లోరీ పెన్ను సున్నా చుట్టబోతూ బొమ్మ పక్కన పెన్సిలుతో రాసిన నాలుగు వరుసల మీద ఆగింది.

"నైట్రోజన్ల 2s కు 2p కు దూరం తక్కువ. అందుకని రెండు సిగ్మాలు ఒకదాన్నొకటి తోసుకుంటయి. కిందిది ఇంకా కిందికి పోతది. మీదిది π లను దాటి మీదికి పోతది. ఆక్సిజన్ల దూరం ఎక్కువ గనుక గంత తోపులాట ఉండదు."

రెండుసార్లు చదివింది. పుస్తకంలో ఈ ముక్క చిన్న అక్షరాల్లో ఎక్కడో అడుగున ఉంటుంది. బట్టీ పట్టేవాళ్ళకు అది కనబడదు. ఎవరో ఒక్కరు, మిగతా పుస్తకమంతా వదిలేసి, ఈ తోపులాట దగ్గర కూర్చుని ఎందుకట్లా అని తలపట్టుకుని ఆలోచించారు. మార్కులు కూడింది. బొమ్మకు కీ ప్రకారం సున్నా వేస్తే పద్దెనిమిది. బొమ్మకున్న మూడు వేస్తే ఇరవై ఒకటి. అరవైకి ఇరవై ఒకటి వస్తేనే పాస్.

చీఫ్ విజేందర్ కళ్ళద్దాలు నొసటి మీదికి నెట్టుకుని రిజిస్టరులో కట్టల నంబర్లు ఎక్కిస్తున్నాడు. ఇరవై ఏళ్ళుగా క్యాంపులకు వస్తున్న మనిషి, గీత దాటడు, ఎవర్నీ దాటనివ్వడు. గ్లోరీ పేపరు తీసుకుపోయి ముందు పెట్టింది. ఆయన పేపరు చూడలేదు, కీ చూశాడు. కీలో తప్పుందని ఆమె చెప్పింది. పుస్తకంలో వేరే ఉందని చెప్పింది. ఆయన అంతా విని పెన్ను మూత పెట్టాడు.

"మనం దిద్దేటోళ్ళం మేడం. ఏది రైటో చెప్పేటోళ్ళు హైదరాబాద్‌ల ఉన్నరు."

"రైటు రాసినోళ్ళు ఫెయిలయితాన్రు సార్."

"కీ ప్రకారం ఫెయిలయితాన్రు."

గ్లోరీ బల్ల దగ్గరికొచ్చి మిగతా వాళ్ళనడిగింది, ఇట్లాంటి బొమ్మలొస్తే ఏం చేస్తున్నారని. చౌటుప్పల్ నుంచి రోజూ బస్సెక్కి వచ్చే ప్రైవేటు కాలేజీ లెక్చరర్ శివకృష్ణ తలెత్తకుండానే చెప్పాడు, తాను బొమ్మే చూడనని, చివర ఎన్ని బంధాలో చెప్పే బంధక్రమం మూడు అని ఉంటే మూడూ వేసేస్తానని. మెట్లు ఎట్లా గీసినా బంధక్రమం మూడే వస్తుంది కదా అన్నాడు. ఇంకో రెండేళ్ళలో రిటైరయ్యే నూరుద్దీన్ సార్ గడ్డం గోక్కున్నాడు. తనకు డౌటొచ్చి ఒకటిన్నర వేశాడట. కీకీ కోపం రావద్దు, పిల్లకూ కోపం రావద్దు అని. అవతలి ఇద్దరూ కీ చూసి సున్నా వేశామన్నారు.

ఒకటే బల్ల. ఒకటే జవాబు. ఈ కుర్చీలో పడితే సున్నా, ఆ కుర్చీలో పడితే ఒకటిన్నర, మూలన ఫ్యాను కింద కూర్చున్న శివకృష్ణ చేతిలో పడితే మూడు. పిల్లలు ఏడాదంతా చదివేది ఇందుకా, తమ పేపరు ఏ కుర్చీ ముందుకు పోతుందో అన్న లాటరీకా.

పద్నాలుగు పేపర్లు దిద్ది ఆ ఒక్కటీ దిద్దకుండా కట్ట తిరిగిచ్చింది. విజేందర్ ముఖం గంటు పెట్టుకున్నాడు. ఏ పూట కట్ట ఆ పూటకే ముగియాలి. కానీ మరునాడు ఆదివారం, క్యాంపుకు సెలవు. కట్టను బీరువాలో పెట్టి తాళం వేస్తూ, సోమవారం సాయంత్రంలోగా అంకె పడాలని చెప్పాడు. ఏ అంకె అని మాత్రం చెప్పలేదు, చెప్పాల్సిన పని లేదని ఇద్దరికీ తెలుసు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి చీర కూడా మార్చుకోకుండా పుస్తకం తీసింది. కట్టంగూర్‌లో వాళ్ళ ఇంటి ముందు రేకుల నీడలో తల్లి జానమ్మ చింతపండు ముందరేసుకుని కూర్చుంది. రాతి మీద కాయ పెట్టి చిన్న కట్టెతో ఒక్క దెబ్బ, గింజ ఒక దిక్కు, పండు ఒక దిక్కు. పుస్తకంలో బొమ్మ ఉంది. నైట్రోజన్‌కు వేరే మెట్లు, ఆక్సిజన్‌కు వేరే మెట్లు. పేపరులో ఉన్నట్టే.

గ్లోరీ పుస్తకం మూసి ఉత్తగనే తల్లి పక్కన కూర్చుని గింజలు ఏరసాగింది. జానమ్మ కాసేపు చూసి అడిగింది, ఎవరి మీద ఆ కోపమని. గ్లోరీ చెప్పుకొచ్చింది. జానమ్మకు నైట్రోజన్ తెలియదు గానీ సున్నా తెలుసు, ఫెయిల్ తెలుసు.

"ఎవరి పిల్లనో ఎరికేనా?"

"ఎవ్వరికీ ఎరుకుండదే అమ్మా."

"మరి నువ్వు రాసింది రైటే, దిద్దెటోళ్ళదే తప్పని ఆ పిల్లకు ఎవలన్న చెప్తరా?"

"ఎవలు చెప్తరు. ఫెయిలని ఫోన్ల వస్తది, గంతే."

జానమ్మ చేతిలో కట్టె ఆగింది. "అంటే ఆ పిల్ల జిందగీ అంత నేనే తప్పు రాసిన అనుకుంటది."

గ్లోరీ లేచి నల్లా కింద చేతులు కడుక్కుంది. అడ్డరోడ్డు దగ్గర జిరాక్స్ దుకాణం తెరిచే ఉంది. పుస్తకంలో ఆ పేజీ కాపీ తీయించి, దానికి జతగా క్యాంపు ఆఫీసరుకు రెండు పేజీల అర్జీ రాసింది. కీ తయారుచేసినవాళ్ళు పుస్తకం కూడా తెరవలేదని, బాధ్యత లేని పని అని, పల్లెపిల్లల బతుకులంటే ఇంత చులకనా అని రాసింది. రాసిన కొద్దీ చెయ్యి వేడెక్కింది. బాగా రాశాననిపించింది.

సోమవారం పొద్దున విజేందర్ ఆ రెండు పేజీలూ నిలబడే చదివాడు. బాధ్యత లేని పని అన్న దగ్గర వేలు పెట్టి ఒకసారి ఆమె ముఖం చూశాడు. కింద ఆఫీసు గదిలోకి పోయాడు. అరగంటకు వచ్చినప్పుడు ఆయన చేతిలో నీలం అట్ట ఉన్న పలచటి పుస్తకం ఉంది. అట్ట నలిగి, మూలలు ఊడి, ఎన్నో చేతులు మారినట్టుంది. నలభై ఒకటో పేజీ తెరిచి గ్లోరీ ముందు పెట్టాడు.

ఆ పేజీలో ఒకటే మెట్ల బొమ్మ. సిగ్మా కింద, π పైన. కింద లావు అక్షరాలతో ఒక వాక్యం, 'నైట్రోజన్, ఆక్సిజన్ రెంటికీ ఇదే బొమ్మ నేర్చుకొనవలెను.' విజేందర్ చివరి అట్ట తిప్పాడు. వెనుకబడిన విద్యార్థుల కోసం ఈ పుస్తకం రాసినవాళ్ళ పేర్లు నాలుగు. మూడో పేరు కె. గ్లోరీ, కట్టంగూర్.

"కీ రాసినోళ్ళు గీ బుక్కు ముందలేసుకొనే రాసిన్రట మేడం. సర్కారు కాలేజీలల్ల అందరి దగ్గర ఉన్నది గిదే. బొమ్మ మీదే."

గ్లోరీ ఆ పేజీని చూస్తూనే ఉండిపోయింది. నాలుగేళ్ళ కిందటి మాట, ఈ పుస్తకం రాయడానికి పిలిచినప్పటిది. రెండు రోజుల వర్క్‌షాప్‌లో రెండో రోజు సాయంత్రం. కింద వ్యాను డ్రైవరు హారన్ కొడుతున్నాడు. రసాయన బంధం పాఠం ఆమె వంతుకొచ్చింది. రెండు మెట్లు చెబితే పిల్లలు గాబరా పడతరు, ఒకటి చాలు అని తానే అంది. ఎట్లాగూ జవాబు మూడే వస్తుంది కదా. మిగతా ముగ్గురూ తలూపారు. ఎవరో మంచి ఐడియా అని కూడా అన్నారు. కాగితం మీద పెన్సిలుతో గీసి ఇచ్చేసింది. టైపు చేసినవాళ్ళు దాన్ని నీటుగా, కంప్యూటర్ గీతలతో మార్చారు. ఆ అచ్చు పుస్తకాన్ని ఆమె మళ్ళీ తెరిచి చూసింది లేదు. తన క్లాసులో రెండు మెట్లూ చెబుతుంది. క్లాసుకు సరిగ్గా రానివాళ్ళకు మాత్రం పరీక్షల నెలలో, నీలం పుస్తకం చదువుకోన్రి, పాసయితరు అని చెప్పి పంపుతుంది.

ఆ పిల్లలకు ఇంతే చాలు. ఆ రోజు గీసింది ఆ మాటే. తాను సర్కారు హాస్టల్లో చదువుకునే రోజుల్లో సార్లు తన వరుస బెంచీల దిక్కు చూసి అనుకున్నదీ ఆ మాటే. అప్పుడు ఆమెకు ఎంత మండిందో ఇప్పటికీ గుర్తుంది.

విజేందర్ గొంతు తగ్గించాడు. బెదిరించినట్టు లేదు, లెక్క చెప్పినట్టే ఉంది. ఇప్పుడు కీ తిరగేస్తే ఈ పుస్తకం చదివినవాళ్ళందరికీ ఆ మూడు మార్కులు పోతాయన్నాడు. కట్టంగూర్ పిల్లలు ముందు వరుసలో పోతారన్నాడు.

"మీది కాంట్రాక్టు నౌకరి. జూన్‌ల రెన్యువల్ ఆర్డర్ వచ్చేటప్పుడు రిజల్ట్ ఎంతని చూస్తరు. గీ కాయిదం లోపట పెట్టుకోన్రి."

మధ్యాహ్నం అన్నం గంటలో గ్లోరీ డబ్బా మూత తీయలేదు. పక్కన నూరుద్దీన్ సార్ బగారన్నం ఆమె మూత మీద వేసి ముందుకు జరిపాడు. ఆమె నీలం పుస్తకం ఆయన ముందుకు జరిపింది. ఆయన పేజీ చూశాడు, పేరు చూశాడు, నవ్వలేదు.

"నాలుగేండ్ల సంది నేను గిదే చెప్తున్న బిడ్డ. నువ్వు ఒక్క దినం తొందరవడ్డవ్. నేను నాలుగేండ్లు కండ్లు మూసుకున్న. ఎవ్వరిది పెద్దది?"

పుస్తకం మూసి అన్నాడు, ఈ క్యాంపులో తిరగబడ్డ మెట్లు చూసి డౌటొచ్చేదాకా తాను నైట్రోజన్‌కు వేరే మెట్లుంటాయన్న సంగతే మరిచిపోయానని. పిల్లలకు అల్కగా, సులువుగా ఉండాలని మొదలుపెడితే మనకే అల్కగా అయిపోయిందని.

గ్లోరీ రెండు పేజీల అర్జీని చింపి డబ్బా సంచిలో పడేసింది. తెల్లకాగితం తీసింది. ఈసారి తొమ్మిది వరుసలే. నైట్రోజన్ బొమ్మ కీలో తప్పుంది. ఆ తప్పు ఈ నీలం పుస్తకం నుంచి వచ్చింది. అందులో ఆ బొమ్మ గీసింది నేను. పాఠ్యపుస్తకంలో ఉన్నట్టు రాసినవాళ్ళకు మూడు మార్కులూ ఇవ్వాలి. నీలం పుస్తకంలో ఉన్నట్టు రాసినవాళ్ళకు కూడా కోయకూడదు, వాళ్ళు రాసింది మేము చెప్పిందే. ఆ పుస్తకాన్ని వెంటనే ఆపించాలి. కింద పేరు, కాలేజీ, సంతకం.

విజేందర్ చదివి కాగితాన్ని వెంటనే మడవలేదు. పేరెందుకు రాయాలని అడిగాడు. టీచర్లందరూ కలిసి అడిగినట్టు రాసినా పని అవుతుంది కదా అన్నాడు.

"తప్పు గీసిననాడు పేరేసుకున్న గద సార్."

ఆయన కాగితం పట్టుకుని మళ్ళీ కిందికి పోయాడు. రెండు గంటలు గడిచాయి. గ్లోరీ ముందు కొత్త కట్ట పడింది. మెట్ల బొమ్మ వచ్చిన చోటల్లా మార్కు వేయకుండా పెన్సిలుతో చుక్క పెట్టి పేజీ తిప్పుతోంది. మూడున్నరకు విజేందర్ హాల్లోకి వచ్చి నిలబడి అందరికీ వినబడేట్టు చెప్పాడు. పైనుంచి ఫోనొచ్చింది. నైట్రోజన్‌కు ఆ రెండు తీర్లలో ఏ మెట్లు గీసినా మూడు. ఈ పూట నుంచే అమలు.

బీరువా తీసి శనివారం కట్ట ఆమె ముందు పెట్టాడు. గ్లోరీ ఆ వాలురాత పేపరు తీసి, పెన్సిలు రాతల పక్కన మూడు వేసి, అట్ట మీద ఇరవై ఒకటి అని రాసి గుండ్రంగా చుట్టింది. శివకృష్ణ ఇటు చూసి నవ్వాడు. అయిపోయింది కదా మేడం, ఇంక టీ తాగుదాం అన్నాడు.

నిజానికి ఆమెకూ అట్లాగే అనిపించింది, టీ గ్లాసు చేతికొచ్చేదాకా. వరండాలో అటెండరు గాలయ్య దిద్దిన కట్టలను గోనెసంచుల్లో సర్ది మూతులు కుడుతున్నాడు. దబ్బనం ఇటు గుచ్చి అటు లాగుతున్నాడు. ఒక్కో సంచి మీద లక్క సీలు. శుక్రవారానివి, శనివారం పొద్దుటివి. ఐదింటికి లారీ వస్తుందట.

శుక్రవారం. శనివారం పొద్దున. అప్పుడు తన ముందు కూడా కీ ఉంది. చెయ్యి దానంతటది నడిచింది. తిరగబడ్డ మెట్లు ఎన్ని వచ్చాయి, ఎన్నింటికి సున్నా చుట్టింది? ఒక్కటీ గుర్తుకు రావడం లేదు. పెన్సిలుతో కారణం రాసినవాళ్ళు కనబడ్డారు కాబట్టి ఆగింది. కారణం రాయకుండా రైటుగా గీసినవాళ్ళ దగ్గర ఆగలేదు.

టీ గ్లాసు గోడ మీద పెట్టి లోపలికి పోయి అడిగింది. విజేందర్ తల అడ్డంగా ఊపాడు. సీలు పడినవి తెరవరు. దిద్దినవాళ్ళో తనిఖీ చేసినవాళ్ళో తమ పని తప్పని కట్టల నంబర్లతో రాసిస్తే తప్ప తెరవరు. అట్లా రాసిచ్చినవాళ్ళను మళ్ళీ క్యాంపుకు పిలవరు. ఇరవై ఏళ్ళలో ఒక్కరు కూడా రాసివ్వలేదు.

గ్లోరీ కుర్చీలో కూర్చుని, ఇంకా సీలు పడని శనివారం మధ్యాహ్నం కట్టను మళ్ళీ దిద్దడానికి పక్కన పెట్టుకుని ఇంకో కాగితం తీసింది. చిన్న చీటీ మీద రాసుకున్న నంబర్లు చూసి రెండు కట్టలు ఎక్కించింది. కింద సంతకం చేసి నూరుద్దీన్ సార్ ముందుకు జరిపింది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని తనవి రాశాడు. రిటైరయ్యేటోన్ని పిలవకుంటే మంచిదే, ఎండల తిరుగుడు తప్పుతది అన్నాడు. కాగితం అవతలి ఇద్దరి దగ్గరికి పోయింది. ఒకరు చదివి పక్కకు జరిపారు, ఇంకొకరు చదవకుండానే జరిపారు. శివకృష్ణ దాన్ని చాలాసేపు పట్టుకున్నాడు. తాను మూడు వేసినవే కదా, తన కట్టలు తెరవాల్సిన పనేముందన్నాడు. బొమ్మే చూడలేదన్నరు గద, అసలు బొమ్మే గీయనోళ్ళకు సుత మూడు పడ్డయేమో ఎవరికెరుక అని గ్లోరీ అంది. అతను కాగితం బల్ల మీద పెట్టి, బస్సుకు టైమైందని సంచి తీసుకున్నాడు.

ఆ కాగితం గ్లోరీయే తీసుకుపోయి విజేందర్ ముందు పెట్టింది. ఆయన కళ్ళద్దాలు నొసటి మీది నుంచి కిందికి దించుకున్నాడు. రిజిస్టరు తెరిచి, ఆమె పేరున్న వరుస మీద వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ వచ్చాడు. వేలు ఒక దగ్గర ఆగింది.

"రెండు కాదు మేడం, మూడు. శుక్రవారం పొద్దుగాల కీ చదువుడుకే సగం పూట పోయింది. మీకు ఏడు పేపర్ల చిన్న కట్ట ఇచ్చిన. అది మరిచిన్రు."

ఆమె రాసిన రెండు నంబర్ల కింద ఆ మూడో నంబరు ఆయనే వేశాడు. రిజిస్టరు మూయలేదు. పేజీ తిప్పి శివకృష్ణ కట్టలు, అవతలి ఇద్దరి కట్టలు, తన బల్ల మీద నుంచి పోయిన ప్రతి నంబరూ ఒకదాని కింద ఒకటి ఎక్కించాడు. అన్నింటి కింద, తనిఖీ చేసింది నేనే అని రాసి సంతకం పెట్టాడు. పెన్ను మూత పెట్టి, కుర్చీలోంచి లేవకుండానే వరండా దిక్కు గొంతెత్తాడు.

"గాలయ్యా, గా మూటలు లారీ ఎక్కియ్యకు."